సొరపాదుకి ఒక్కటే కాయ

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద జరిగింది ఒక సొరపాదుకి. నాకు కాదు, మా ఆయనకి కాదు, మంచంలో ఉన్న మా అత్తగారికి కూడా కాదు. దాని ఆకు వాలితే ఇంట్లో ముగ్గురి మొహాలూ వాలేవి. నేను పనిచేసేది బ్రెడ్డు ఫ్యాక్టరీలో. తెల్లారకముందే డ్యూటీకెక్కి, మధ్యాహ్నం రెండింటిదాకా ముక్కలు కోసే మిషను పక్కన నిలబడి, వేడి వేడి బ్రెడ్డు కవర్లలోకి తోసి మూతులు బిగించి, కాళ్ళు పీకుతుంటే ఇంటికొచ్చేదాన్ని. వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి. నాకు పిల్లలుంటే వాళ్ళనైనా ఇంత అపురూపంగా చూసుకునేదాన్నో లేదో.

ఇంత మర్యాద ఎందుకంటే, నేను చేసిన నిర్వాకం అలాంటిది.

ఆ సొర బజారులో దొరికేది కాదు. మెడ సన్నగా వంకర తిరిగి, కింద కుండలా గుండ్రంగా, తొడిమ దగ్గర తెల్లచారలు. అత్తగారు పెళ్ళయి వచ్చిన ఏడు ట్రంకుపెట్టె అడుగున మూటకట్టి తెచ్చుకున్నారట ఆ గింజలు. అప్పటినుంచి నలభై ఏళ్ళు ఏటా వేశారు, ఏటా దాచారు. సొరకాయతో ఒక చిక్కుంది. గుమ్మడికాయైతే పండాక కండ మనం తిని గింజ దాచుకోవచ్చు. సొర అలా కాదు. తినాలంటే లేతగా కోయాలి, అప్పటికి గింజ ఇంకా నీళ్ళే. గింజ కావాలంటే పాదుమీదే చెక్కలా ఎండనివ్వాలి, అప్పుడిక తినడానికేమీ మిగలదు. అందుకని ప్రతి ఏడూ ఒక కాయని విత్తనానికని వదిలేసేవారు ఆవిడ. దాని జోలికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు.

అంతకుముందు ఏడాది ఆ కాయ ఎండే సమయానికి ఆవిడ గొంతు జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నారు. పగలగొట్టి గింజ తీసే పని నామీద పడింది. శ్రద్ధగానే చేశాననుకున్నాను. కడిగాను, డాబామీద మూడు రోజులు ఎండలో పోశాను, మూడోరోజు సాయంత్రం ఇంకా వెచ్చగా ఉండగానే ప్లాస్టిక్ డబ్బాలోకెత్తి మూత బిగించాను. పురుగు పట్టకూడదని మూత చుట్టూ టేపు కూడా వేశాను. ఆవిడైతే నీడన పదిహేను రోజులు ఆరబెట్టి, ఒక గింజ తీసి విరిచేవారు. టక్కున విరిగితే ఆరినట్టు, వంగితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఆ తర్వాతే చల్లని బూడిదలో కలిపి సీసాకెత్తేవారు. ఒక్క గింజ విరిచి చూద్దామన్న బుద్ధి నాకు పుట్టలేదు. బయటి చెమ్మ లోపలికి రాకుండా కట్టుదిట్టం చేశాను గాని, లోపలున్న చెమ్మ ఎటు పోతుందని ఆలోచించలేదు. నాలుగు నెలల తర్వాత మూత తీస్తే గుప్పున బూజు కంపు. గింజలన్నీ నల్లబడి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

డబ్బా తీసుకెళ్ళి ఆవిడ మంచం దగ్గర పెట్టాను. తిడతారనుకున్నాను.

"బాగున్నవి ఎన్నున్నాయి?" అన్నారు.

"ఒక్కటీ లేదు అత్తయ్యా."

ఆవిడ ఒక గింజ తీసి వేళ్ళతో నలిపి చూసి, చెయ్యి దుప్పటికి తుడుచుకున్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ ఒకటంటే నేను రెండని, ఆ మీద కాసేపు ఏడ్చి తేలికపడేదాన్ని. ఏమీ అనని మనిషి ఎదురుగా రోజూ తిరగడం చాలా కష్టం.

ఆవిడ అడిగినవాళ్ళకి గింజలివ్వకపోలేదు. అందుకని సెలవు రోజుల్లో నేను ఆ ఇళ్ళన్నీ తిరిగాను. ఒకచోట, "ఇచ్చారమ్మా, వేశాం, తిన్నాం, భలే ఉన్నాయి" అన్నారు. విత్తనం దాచారా అంటే, అలాంటి పని కూడా ఒకటుంటుందా అన్నట్టు చూశారు. ఇంకోచోట కోడలు ఇల్లు సర్దుతూ పారేసిందట. నాలాంటిదే, ఏం చెబుతాం. డ్రిల్లు మాస్టారు ఒకాయన మాత్రం చాలా పద్ధతిగా కవరుమీద తారీఖు వేసి, పేరు రాసి, బీరువాలో దాచిన పొట్లం తీసిచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి విప్పితే అవి బీరగింజలు.

"ఆయన ఎప్పుడూ అంతే. ఎడమంటే కుడికి తిరిగేవాడు" అన్నారు అత్తగారు. "బీరువా వెనక పాత సీసా ఒకటి ఉండాలి, చూడు. ఆరేళ్ళనాటిది. ఏమన్నా ఉంటే ఉన్నాయి."

సీసాలో బూడిద జల్లిస్తే తొమ్మిది గింజలు తేలాయి. గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, పొయ్యి పక్కన పెట్టి, రోజుకి పదిసార్లు విప్పి చూశాను.

"అస్తమానం విప్పకు. వాటిక్కూడా సిగ్గుంటుంది" అన్నారు ఆవిడ.

ఆరోరోజున ఒకటి తెల్లగా మొలక బయటపెట్టింది. తొమ్మిదోరోజున ఇంకోటి. మిగతా ఏడూ మెత్తబడిపోయాయి. నేలలో పెట్టాక ఆ రెండోది రెండాకులేసి, మొదలు కుళ్ళి, పక్కకి పడిపోయింది. మిగిలింది ఒకటి. నలభై ఏళ్ళ విత్తనానికి ఇక ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క మొక్కే.

స్నానాలగది గోడ పక్కన పెట్టాం దాన్ని. గోడ పాకి రేకుల కప్పు మీదికెక్కింది. పూత మొదలయ్యాక నాకు ఇంకో డ్యూటీ. సొరపూలు పొద్దుగూకే వేళకి విచ్చుకుంటాయి. అటుపక్క ఇంట్లోనూ ఇటుపక్క ఇంట్లోనూ దుకాణంలో కొన్న విత్తనంతో వేసిన పాదులున్నాయి. వాటి పుప్పొడిని ఏ పురుగో మోసుకొచ్చి మన ఆడపువ్వులో వేసిందంటే కాయ చూడ్డానికి మనదిలాగే ఉంటుంది, లోపలి గింజలో మాత్రం జాతి కలిసిపోతుంది. ఆ సంగతి మరుసటి ఏడు వేశాకగాని బయటపడదు. అందుకని పువ్వు విచ్చుకునే రోజు మధ్యాహ్నమే ఆడమొగ్గ మూతికి దారం కట్టాలి. సాయంత్రం దారం విప్పి, మన పాదు మగపూలనే కోసి పుప్పొడి రాసి, మళ్ళీ కట్టేయాలి.

అత్తగారి మంచం వెనకగదిలో కిటికీ పక్కన. అక్కడినుంచి స్నానాలగది తలుపు కనిపిస్తుంది గాని కప్పు మీద ఏముందో కనిపించదు. అయినా పెత్తనం అంతా అక్కడినుంచే.

"గట్టిగా రుద్దకు. పౌడరు అద్దినట్టు అద్దు."

"అలాగే అద్దుతున్నాను."

"ఎన్ని మగపూలు పెట్టావు?"

"ఒకటి."

"రెండు మూడు పెట్టు. ఒక్కడిమీదే నమ్మకం పెట్టుకోకూడదు."

కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మా ఆయన, "నన్నేనా అమ్మా అంటున్నావు?" అన్నాడు.

"నీ గురించి అనడానికేముందిరా. నిచ్చెన సరిగ్గా పట్టుకో."

మొదటి రెండు పిందెలూ పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి. మూడోది నిలబడింది. కప్పు వెనక అంచునుంచి కిందికి వేలాడుతూ ఊరడం మొదలుపెట్టింది, కిటికీకి కనబడని వైపు. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. వచ్చినవన్నీ మగపూలే.

"ఒక్క కాయేనా?" అన్నారు ఆవిడ.

"ఒకటి చాలు. ఒక్క కాయలో మూడొందల గింజలుంటాయని మీరేగా చెప్పారు" అన్నాను. నాకు ఆ పూట ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. చేసిన పాపం కడుక్కునే దారి దొరికిందనుకున్నాను.

ఆ దారికి మధ్యలో నీళ్ళ గొడవ ఒకటి వచ్చింది. మా ఆయన ఉద్యోగం ఊరికి నీళ్ళు వదలడం. ఏ వీధికి ఏ గంటకి వాల్వు తిప్పాలో చూసేది ఆయనే. ఆ ఏడు మూడు రోజులకొకసారి, అదీ గంటసేపే వదలమని పైనుంచి ఆర్డరు. మా పక్కింటావిడ ఒకతె ఉంది. వీధి వార్తలన్నీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చదువుతుంది కాబట్టి మేం రేడియో అంటాం. ఆవిడ ఒకరోజు గోడమీంచి తొంగిచూసి, "అందరి పాదులూ ఎండి వరుగులైపోతే మీది మాత్రం నవనవలాడుతోంది వదినా. నీళ్ళు వదిలే చెయ్యి మీ ఇంట్లోనే ఉందిగా మరి" అంది.

నాలుగోరోజుకల్లా ఆఫీసునుంచి సూపర్వైజరు ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. మా పెరట్లో దొంగ పైపుందని ఫిర్యాదట. కింద సంతకం లేదు. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు, పదిహేనేళ్ళ ఉద్యోగం మరి. వచ్చినాయన పాదు చుట్టూ మట్టి తవ్వించాడు, గోడ తట్టి చూశాడు. ఏమీ దొరక్క, పాదు పక్కనున్న బకెట్ చూపించి, "ఈ నీళ్ళెక్కడివి?" అన్నాడు.

కిటికీలోంచి అత్తగారు జవాబిచ్చారు. అప్పటికే ఆవిడ గొంతులో మాట సగం, గాలి సగం. "నా ఒళ్ళు తుడిచిన నీళ్ళు నాయనా. రోజూ మా కోడలు తుడుస్తుంది. నమ్మకం లేకపోతే వాసన చూసుకో."

ఆయన చూడలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. చాలా రోజుల తర్వాత మా ఆయన కడుపారా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆవిడ చెప్పింది నిజమే. ఆ పాదు తాగినవన్నీ ఆ నీళ్ళే. డ్యూటీనుంచి వచ్చాక తడిగుడ్డతో ఆవిడ వీపూ చేతులూ కాళ్ళూ తుడిచి, గుడ్డ బకెట్లోకి పిండి, ఒక్క చుక్క పోకుండా తీసుకెళ్ళి పాదు మొదట్లో పోసేదాన్ని. ఆవిడ ఒళ్ళు రోజురోజుకీ తరిగిపోతోంది. సగం బకెట్‌తో పని అయిపోయేది. పాదుకి చాలవేమోనని నేను ఇంకోసారి తడిపి ఇంకోసారి తుడిచేదాన్ని. "ఎందుకమ్మాయ్, చలేస్తోంది" అనేవారు. అయినా తుడిచేదాన్ని. అదీ నా బుద్ధి అప్పుడు.

కాయకి పది రోజులొచ్చేసరికి ఆవిడ తిండి పూర్తిగా పడిపోయింది. జావ రెండు చెంచాలు, పాలలో నానేసిన బ్రెడ్డు ఒక ముక్క, అక్కడితో సరి. డాక్టరు, "ఇక పథ్యాలేమీ అక్కర్లేదు, ఏది తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో మాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఏం తింటారత్తయ్యా, ఏం చెయ్యమంటారు అని నేను అడగని పూట లేదు. ఏమీ వద్దనేవారు.

ఒకరోజు అడక్కుండానే, "ఆ కాయ కోసి వండు అమ్మాయ్" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఏ కాయ?"

"ఎన్నున్నాయేం?"

చేతిలో ఉన్న గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎవరు అడిగినా ఆశ్చర్యపోయేదాన్ని కాదు, ఈవిడ అడగడమేమిటనిపించింది.

"ఇంకా పిందే అత్తయ్యా. నాలుగు రోజులాగండి" అన్నాను.

"పది రోజులైందిగా."

"ఈ ఎండలకి ఊరలేదు."

ఊరింది. మూరెడు కాయ, ముట్టుకుంటే వెన్నలా ఉంది. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, "సరేలే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం మా ఆయనకి చెబితే, "కోసెయ్" అన్నాడు, చొక్కా విప్పుతూనే.

"కోస్తే గింజ?"

"పోతే పోతుంది. అమ్మ అడిగింది."

"మీకు తేలిగ్గానే ఉంటుంది. పోగొట్టింది మీరు కాదుగా. నలభై ఏళ్ళు నిలబెట్టుకున్నదాన్ని ఒక్క ఏడాదిలో కోడలు బూజు పట్టించిందని రేపు నలుగురూ అంటే పడేది నేను. అయినా ఆవిడ జబ్బులో ఉండి ఏదో అన్నారు. ఒంట్లో బాగున్నప్పుడైతే విత్తనపు కాయ కొయ్యమని అంటారా? మీరే చెప్పండి."

ఆయన చొక్కా మేకుకి తగిలించాడు. వాల్వు తిప్పినంత సులువుగా నోరు తిప్పగల మనిషి కాదు.

నాకు లోపల ఒక ఆశ కూడా ఉంది. ఈలోగా ఇంకో ఆడపువ్వు రాకపోతుందా, అది పిందె పట్టకపోతుందా, దాన్ని లేతగా కోసి వండిపెట్టనా అని. మూడు సాయంత్రాలు నిచ్చెనెక్కి ఆకు ఆకూ ఎత్తి వెతికాను. అన్నీ మగపూలే. పనీ పాటా లేని పెద్దమనుషుల్లా పొద్దుగూకగానే వరసగా వచ్చి నిలబడ్డాయి.

నాలుగోరోజు ఫ్యాక్టరీనుంచి వస్తూ బండి దగ్గర ఒక లేత సొరకాయ కొన్నాను. రేడియో కంట పడకుండా సంచి అడుగున పెట్టి, పైన బ్రెడ్డు పెట్టుకుని ఇంటికి తెచ్చాను. తొక్క తీసి మట్టిలో పాతేశాను. ముక్కలు మెత్తగా ఉడికించి, ఉప్పేసి, పాలు పోసి, గరిటెతో మెదిపి, గిన్నెలో తీసుకెళ్ళాను.

"కోశావా?" అన్నారు.

"కోశాను."

తలగడ ఎత్తు చేసి కూచోబెట్టి, చెంచా చేతికిచ్చి, పొయ్యిమీద ఏదో ఉందని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యిమీద ఏమీ లేదు. గోడకి ఆనుకుని చెంచా చప్పుడు వింటూ నిలబడ్డాను. ఐదు చెంచాలు తిన్నారు. నెలరోజుల్లో ఆవిడ అంత తిన్నది లేదు. గిన్నె తీయడానికి వెళ్తే, "ఉప్పు సరిపోయింది" అన్నారు.

మిగిలింది మా ఆయన ఊడ్చుకు తిని, "ఎంతైనా మన కాయ మన కాయే" అన్నాడు. కన్నకొడుకు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆ తర్వాత నిచ్చెన పట్టుకోడానికి ఆయన్ని పిలవలేదు.

అప్పటికి ఆ అబద్ధం నన్నేమీ బాధపెట్టలేదు. నిజం చెప్పాలంటే తెలివిగా పని చక్కబెట్టాననే అనుకున్నాను. ఆవిడ కడుపులోకి ఐదు చెంచాలు వెళ్ళాయి, పాదుమీద కాయ ఉంది, ఎవరికీ నష్టం లేదు. ఫ్యాక్టరీలో మిషను పక్కన నిలబడి ఆ లెక్కే నాకు నేను పదే పదే చెప్పుకునేదాన్ని. రోజుకి అన్నిసార్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే తెలుసుకోవాల్సింది.

పన్నెండు రోజులు గడిచాయి. ఆవిడకి జావ కూడా దిగడం మానేసింది. చెంచాతో నీళ్ళు పోస్తే సగం బయటికే వచ్చేవి. ఒక మధ్యాహ్నం వీపు తుడుస్తున్నాను. గుడ్డకి ఎముకలు ఒక్కొక్కటీ తగులుతున్నాయి. బకెట్లోకి గుడ్డ పిండుతూ, ఇవాళ పాదుకి నీళ్ళు బాగానే వచ్చాయి అనుకున్నాను. అనుకోగానే నామీద నాకే పరమ అసహ్యం వేసింది. ఏం కాయ, ఏం గింజ అనిపించింది. బకెట్ అక్కడే వదిలేసి, వంటింట్లోంచి కత్తి తెచ్చుకుని, నిచ్చెన నేనే వేసుకుని ఎక్కాను.

సొరకాయ లేతదో కాదో చూడాలంటే గోరు గుచ్చాలి. గుచ్చాను. దిగలేదు. ఇంకోచోట గుచ్చాను. పైన గీతపడింది, అంతే. తొక్క చెక్కబారుతోంది. లోపల గింజ ఇంకా పాలమీదే ఉంటుంది. ఇప్పుడు కోస్తే కూరకీ పనికిరాదు, విత్తనానికీ పనికిరాదు. రేకులు కాలిపోతున్నాయి. కత్తి ఒళ్ళో పెట్టుకుని నిచ్చెన పైమెట్టుమీద చాలాసేపు కూచున్నాను.

దిగి తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"ఆరోజు నేను పెట్టింది మన కాయ కాదు అత్తయ్యా. బండిమీద కొన్నాను. మనది పాదుమీదే ఉంది."

"తెలుసు" అన్నారు.

"తినగానే రుచి తెలిసిపోయిందా?"

"నాకు రుచి తెలిసి రెండు నెలలైంది. నోట్లో ఏం పెట్టుకున్నా ఒకటే."

"మరి ఉప్పు సరిపోయిందన్నారు."

"ఏదో ఒకటి అనాలిగా."

"రుచి తెలియకపోతే మరెలా తెలిసింది?"

ఆవిడ కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. "నిజంగా కోసుంటే నా ఎదురుగా కూచుని నేను తింటుంటే చూసేదానివి. నువ్వు వంటింట్లోకి పారిపోయావు."

నేను ఏడ్చాను. ఇంత తెలిసినావిడ ఆ ఐదు చెంచాలూ ఎలా మింగారో, మింగడానికి ఎంత బాధపడ్డారో తలుచుకుని ఏడ్చాను. కాస్త తగ్గాక, "రుచే తెలియనప్పుడు ఎందుకడిగారు అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ నా చేతిలో కత్తి చూశారు.

"గోరు గుచ్చావా దానికి?"

"గుచ్చాను. రెండుచోట్ల."

"అక్కణ్ణుంచే కుళ్ళు పడుతుంది. వెళ్ళి బూడిద అద్దిరా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మళ్ళీ మర్చిపోతావు."

వెళ్ళి అద్దివచ్చాను.

రెండు రోజులకి ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి పంపారు. అన్నీ అందులోంచే. ఇక నోటితో తినే పని లేదు. ఆ తర్వాత కప్పు మీద ఎన్ని కాయలు కాసినా నేను ఆవిడకి పెట్టగలిగింది ఏమీ లేదు. నెల రోజులు పైనే అలా ఉన్నారు. పాదు కిందినుంచి ఎండుతూ వచ్చింది. ఆకులన్నీ రాలి, తీగ తాడులా అయ్యి, దానికి ఆ కాయొక్కటే వేలాడింది. అప్పటికి మా ఆయనకీ సంగతి చెప్పేశాను. గోరు గీసినచోట్ల నల్లటి మచ్చలు మిగిలాయి గాని కుళ్ళలేదు.

తొలి వాన పడకముందు కోసి తెచ్చాను. ఊపితే గలగలమంది. మంచం పక్కన నేలమీద పగలగొట్టి, గింజలు కడిగి, పళ్ళెంలో పోసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. కూచోలేరు, వెనక దిండ్లు పెట్టి ఆనించాను. తాలు గింజలు ఏరడం మొదలుపెట్టారు. చూపు ఎక్కడో ఉంది, వేళ్ళు మాత్రం వాటంతటవే తాలువి పక్కకి నెడుతున్నాయి. మా ఆయన గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, వాల్వు టైమైందని వెళ్ళిపోయాడు. టైము కాలేదు.

"ఇకమీదట ఒక్క పాదే వెయ్యకు" అన్నారు. చెవి దగ్గర పెడితేగాని వినపడని గొంతు.

"వెయ్యను."

"ఒక్కటే ఉంటే ఎంత మంచివాళ్ళకైనా మనసు ఇరుకైపోతుంది."

నేను ఆవిడ పక్కన మంచంమీద కూచున్నాను. ఇంకెప్పుడూ అడగలేనని తెలుసు. "ఇప్పుడన్నా చెప్పండి. ఎందుకడిగారు ఆ కాయ?"

ఒక తాలు గింజ పక్కకి నెట్టారు. ఇంకోటి నెట్టారు.

"కోస్తావో లేదో చూద్దామని."

"మీ విత్తనమనే కోయలేదు అత్తయ్యా. మీకదే ప్రాణం అనుకున్నాను."

"తెలుసులే. నీ చోట ఉంటే నేనూ కోసేదాన్ని కాదు."

ఓదార్చడానికే అన్నారు. నాకు ఓదార్పు కలగలేదు.

గింజలు నీడన ఆరబెట్టాను. పదకొండోరోజున ఆవిడ పోయారు. అవి ఇంకా ఆరుతూనే ఉన్నాయి. ఆరాక మూడు సీసాలకెత్తి, ఒకటి మా ఇంట్లో ఉంచి, ఒకటి ఫ్యాక్టరీలో నాతో పనిచేసేదానికిచ్చి, ఇంకోటి గోడమీంచి రేడియో చేతిలో పెట్టాను. ఆవిడైతే నలుగురికీ చెబుతుంది, ఆ నలుగురూ వచ్చి అడుగుతారు. అలాగే అడిగారు.

ఈ ఏడు ఆరు పాదులు వేశాను. విరగకాశాయి. మొదటి లేతకాయ వండి నోట్లో పెట్టుకుంటే బండిమీద కాయకీ దీనికీ తేడా నాకేమీ తెలియలేదు. మా ఆయన మాత్రం తెలుస్తోందంటాడు. అత్తగారి విత్తనం భలే నిలబెట్టావని అందరూ మెచ్చుకుంటున్నారు. అవునంటున్నాను, ఏమనాలి మరి. పొద్దున ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళేటప్పుడు, మిషను పక్కన నిలబడ్డప్పుడు, వచ్చి కాళ్ళు చాపుకుని కూచున్నప్పుడు ఒకటే అనిపిస్తుంది. ఆవిడ అడిగిన రోజునే కోసేయాల్సింది. విత్తనం పోతే పోయేది.